పెట్టెలో రాని రాయి

ఇంజనీరింగ్ విద్యార్థులందరికీ నమస్కారం. మన నాపరాయి టైల్స్ ముందు ఎందుకు ఓడిపోతోందో ఈ రోజు మాట్లాడతాను.

బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి బేతంచెర్ల నుంచి తెచ్చిన నాపరాయి పలక. రెండడుగుల చదరం, అంగుళం మందం. రెండోది గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చిన టైల్స్ పెట్టె, ఇంకా విప్పలేదు. మీలో ఇద్దరు ముందుకు వచ్చి రెండింటినీ ఎత్తి చూడండి. జాగ్రత్త, నడుము వంచి కాదు, మోకాళ్ళు వంచి ఎత్తండి.

చూశారు కదా. పలక పాతిక కిలోలు. పెట్టె ముప్పై కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. చేతికి పెద్ద తేడా తెలియదు. కానీ పలక నాలుగు చదరపు అడుగుల నేలను మాత్రమే కప్పుతుంది. పెట్టెలోని నాలుగు టైల్స్ పదిహేనున్నర చదరపు అడుగులు కప్పుతాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మా నాన్న బండలు పరిచే మేస్త్రి. బడి సెలవుల్లో ఆయన వెంట వెళ్ళి, సున్నం, ఇసుక కలిపిన మాలు తట్టలు అందించి, సాయంత్రానికి చేతివేళ్ళు సున్నంతో పగిలి ఇంటికి వచ్చేవాణ్ణి. తరువాత చదువుకుని భూగర్భశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. కాబట్టి ఈ రాయి గురించి నాకు రెండు వైపుల నుంచీ కొంత తెలుసు. పలక పలకకూ తేడా ఎందుకు వస్తుందో పాఠంగా చెప్పగలను. ఆ తేడా వల్ల పరిచేవాడి మోకాళ్ళు ఎంత అరుగుతాయో కూడా చెప్పగలను.

ఈ నాపరాయి సముద్రపు అడుగున పొర మీద పొరగా పేరుకున్న సున్నపు బురద. జీవులకు ఇంకా పెంకులూ ఎముకలూ ఏర్పడని కాలం నాటిది, అందుకే ఎంత వెతికినా దీనిలో ఒక గవ్వ ముక్క కూడా కనబడదు. కడప జిల్లాలోని నార్జి గ్రామం పేరు మీద శాస్త్రజ్ఞులు దీన్ని నార్జి సున్నపురాయి అంటారు. కొలిమిగుండ్ల దగ్గర మూడు కిలోమీటర్లకు పైగా సాగే బెలుం గుహలను నీళ్ళు తొలిచింది ఈ రాతిలోనే. అక్కడికి వెళ్ళినప్పుడు గోడలను దగ్గరగా చూడండి, పుస్తకం అంచులాగా పొరలు కనబడతాయి. ఆ పొరల వల్లే ఈ రాయి పలకలుగా విడుతుంది. గ్రానైటును దిమ్మగా తీసి రంపంతో కోయాలి. నాపరాయిని గీత గీసి, గడ్డపార పెట్టి లేపితే ప్రకృతి ముందే కోసి ఉంచినట్టు లేచి వస్తుంది. ఇప్పుడు గనుల్లో పట్టాల మీద నడిచే కోత యంత్రాలు వచ్చాయి. అవి చదరాలు గీస్తాయి. పొర విడదీయడం మాత్రం ఇప్పటికీ మనిషి పనే.

ఈ రాయి ఎంత దూరం వెళ్ళిందో చెబుతాను. ముంబైలో వంటగట్టు మీది నల్లరాయిని 'కడప్పా' అంటారు. అది ఒక ఊరి పేరని తెలియని ఇల్లాలు కూడా కడప్పా అనే అంటుంది. మహారాష్ట్రలో నేల మీది బండ 'షాహబాదీ'. హైదరాబాదు పాత ఇళ్ళలో మనమూ షాబాదు బండలనే అంటాం. 1871 నాటికి బొంబాయి నుంచి రైలు మార్గం కర్ణాటకలోని షాహబాద్ మీదుగా రాయచూరు దాకా వచ్చింది. రాయి రైలెక్కింది, ఊరి పేరు వస్తువు పేరైపోయింది. షాహబాద్‌కు పొరుగున మన తాండూరు. అక్కడి నీలి రాయి, పసుపు రాయి దేశమంతటా తెలిసినవే. ఇంత పేరు సంపాదించిన సరుకుకు ఆ పేరును కాచుకునే యజమాని ఒక్కరూ లేకపోయారు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దక్కింది. దాని వెనుక రైతులు, శాస్త్రవేత్తలు కూర్చుని చేసిన పని ఉంది. రాజస్థాన్‌లోని మక్రానా పాలరాయికి 2019లో అంతర్జాతీయ భూవిజ్ఞాన సంఘం వారసత్వ శిలగా గుర్తింపు ఇచ్చింది. ఆ కంది చేను కింద ఉన్న రాయికీ అంతటి శ్రద్ధ దక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక అసలు విషయం.

కొన్నేళ్ళ క్రితం నంద్యాలలో మా చెల్లెలు ఇల్లు కట్టుకుంది. బేతంచెర్ల గనుల నుంచి ఆ ఇంటికి గంట ప్రయాణం. మేస్త్రి కూతురు, బండల మీద పాకి పెరిగిన పిల్ల. హాలులో ఏ రాయి వేయిస్తున్నావమ్మా అని ఫోనులో అడిగాను. "టైల్స్ వేయిస్తున్నాం అన్నా" అంది. నా మౌనం దానికి అర్థమైంది. "రాయి నాకిష్టం లేక కాదన్నా. ఎవరు పరుస్తారు? ఎన్నాళ్ళు పరుస్తారు? పరిచాక ఆ పాలిష్ మిషన్ నెల రోజులు ఇంట్లో బురద చిమ్ముతుంటే మేమెక్కడ ఉండాలి? టైల్స్ అయితే వారంలో గృహప్రవేశం." దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రి నుంచి ఆలోచిస్తూ వచ్చిన జవాబే ఈ రోజు మీకు చెబుతున్నది.

నాపరాయి గనుల దగ్గర ఎవరిని కదిలించినా 'టైల్స్ వచ్చి మా పొట్ట కొట్టాయి' అంటారు. నిజమే, కొట్టాయి. బేతంచెర్ల వెళ్ళినా తాండూరు వెళ్ళినా తాళాలు పడిన పాలిష్ ఫ్యాక్టరీలు కనబడతాయి. కరెంటు బిల్లు, డీజిలు, తవ్విన రాయి మీద ప్రభుత్వానికి కట్టే సీనరేజి, కూలీల కొరత అని కారణాలు వరుసగా చెబుతారు. అవన్నీ ఉన్నవే. పన్ను అంటారా, 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు గ్రానైటు, పాలరాతి పలకల మీదా టైల్స్ మీదా కూడా 28 శాతమే వేశారు. ఆ నవంబరులో రెండింటికీ 18కి తగ్గించారు. కాబట్టి టైల్స్ గెలుపును పన్ను ఖాతాలో రాయలేం.

మొదట చేసిన బరువు లెక్కకు వద్దాం. పది టన్నుల లారీలో ఈ పలకలు నాలుగు వందలు పడతాయి. అంటే పదహారు వందల చదరపు అడుగులు. అదే లారీలో టైల్స్ అయిదు వేల చదరపు అడుగులు దాటతాయి. ఒక్క లారీ టైల్స్ దిగిన చోట మనం మూడు లారీల బండలు దించాలి. రాయికి బలం దగ్గరితనం అనుకుంటాం. మోర్బీ ఇక్కడికి వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. అయినా మన మందమే ఆ దూరాన్ని మూడో వంతుకు కుదించి వాళ్ళ చేతిలో పెడుతోంది.

రెండో లెక్క ఇంకా ముఖ్యం. దుకాణంలో అడిగితే చదరపు అడుగుకు రాయి ధర చాలా రకాల టైల్స్ కంటే తక్కువే ఉంటుంది. కానీ ఇంటివాడు కొనేది నేలను. మందం తేడాగా ఉన్న పలకలను సమంగా కూర్చోబెట్టాలంటే కింద రెండంగుళాల మాలు కావాలి. ఒక్కో పలక దించి, కొయ్య సుత్తితో తట్టి, రసమట్టం పెట్టి చూసి, ఎత్తుగా ఉంటే లేపి మాలు గీకి, మళ్ళీ దించాలి. మా నాన్న ఒక పలకను మూడుసార్లు లేపడం నేను చూశాను. తరువాత సందులు నింపాలి, ఆరనివ్వాలి, మిషన్ పెట్టి ఒక సానరాయి తరువాత ఇంకో సానరాయి మార్చి అరగదీయాలి. సిమెంటు, కూలి, రోజులు, అన్నీ కలిపి చూస్తే చవక రాయి ఖరీదైన నేల అవుతుంది. మా చెల్లెలు కాగితం కలం పట్టుకోకుండానే ఈ లెక్క వేసేసింది.

మరి మోర్బీ వాళ్ళు ఏం చేశారు? మచ్ఛూ నది ఒడ్డున ఉన్న ఊరది. 1979 ఆగస్టు 11న ఎగువన ఆనకట్ట తెగి ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. అంతకు ముందు నుంచే అక్కడ ఇంటి కప్పు పెంకులు చేసేవారు. కాంక్రీటు శ్లాబులు వచ్చి ఆ పెంకులకు గిరాకీ పోయింది. పెంకుల వాళ్ళు గోడ టైల్స్‌కు మారారు, అక్కడి నుంచి నేల టైల్స్‌కు మారారు. రెండు వేల దశకం తొలినాళ్ళలో చైనా టైల్స్ వెల్లువలా వచ్చి పడితే వాటి మీద మన ప్రభుత్వం ప్రత్యేక సుంకం వేసింది. ఆ నీడలో వాళ్ళు కూర్చోలేదు. చైనా నుంచీ ఇటలీ నుంచీ యంత్రాలు తెచ్చి బిగించారు. ఇవాళ దేశంలో తయారయ్యే టైల్స్‌లో నూటికి తొంభై వంతుల దాకా అక్కడివే. కొద్ది కిలోమీటర్ల వ్యాసార్థంలో వందలాది ఫ్యాక్టరీలు ఉన్నాయి. మట్టి తెచ్చేవాడు, రంగు కలిపేవాడు, యంత్రం బాగుచేసేవాడు, చివరికి ఆ అట్టపెట్టె చేసేవాడు కూడా అక్కడే ఉన్నాడు.

వాళ్ళకూ దెబ్బలు తగులుతూనే ఉన్నాయి. బంకమట్టి, ఫెల్‌స్పార్, స్ఫటికం కలిపి నూరి, అచ్చు నొక్కి, పన్నెండు వందల డిగ్రీల దగ్గర కాలిస్తేనే టైలు అవుతుంది. మంట ఖరీదే వాళ్ళ ప్రాణం. బొగ్గు వాయువుతో నడిపే పద్ధతిని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపేయించింది. ఆ బొగ్గు మురికి నీళ్ళు చుట్టుపక్కల నేలనూ నీటినీ ఎంత పాడుచేశాయో చూస్తే ఆ తీర్పు సరైనదే. తరువాత సహజవాయువు ధర చుక్కలనంటితే 2022 ఆగస్టులో దాదాపు నెల రోజులు ఊరంతా కొలుములు ఆర్పుకుని కూర్చుంది. మనకు ఆ మంట అవసరమే లేదు. మన రాయిని కోట్ల ఏళ్ళ క్రితమే సముద్రం చేసిపెట్టింది. కాల్చాల్సిన పని లేని సరుకు చేతిలో ఉండీ మనం ఓడిపోతున్నామంటే, ఓటమి గనిలోనో కొలిమిలోనో జరగడం లేదని అర్థం.

అది జరుగుతున్నది ఈ పెట్టె దగ్గర. దీని మీద ఏం రాసి ఉందో చదువుతాను. పొడవు వెడల్పు 600 మిల్లీమీటర్లు. మందం. ఎన్ని పలకలు. ఎంత నేల కప్పుతుంది. రంగు ఛాయకు ఒక సంఖ్య, కాల్చిన విడతకు ఒక సంఖ్య. ఆరు నెలల తరువాత ఒక టైలు పగిలితే ఈ సంఖ్య చెప్పి అడగవచ్చు. ఇప్పుడు నాపరాయి యార్డుకు వెళ్దాం. దొంతులు దొంతులుగా నిలబెట్టి ఉంటాయి. రెండడుగుల పలక అంటారు, కొలిస్తే అర అంగుళం తగ్గుతుంది. ఒకే దొంతిలో ఒక పలక చిటికెన వేలంత మందం, పక్కది బొటనవేలంత. పైన రెండు వరుసలు నీలంగా, లోపల బూడిద రంగుగా ఉంటాయి. నేనే ఒకసారి మా ఇంటి వరండాకు బండలు తెప్పించుకున్నాను. దించాక లెక్క చూస్తే చెల్లించిన కొలతకూ పరిచిన నేలకూ నలభై చదరపు అడుగుల తేడా. అడిగితే "బండల్లో అంతే సార్, తరుగుంటుంది" అన్నాడు యార్డు యజమాని. ఆ మాటే మన కొనుగోలుదారును మనమే మోర్బీకి పంపుతున్న మాట. ఈ వృత్తి వల్ల పెరిగినవాడిగా చాలా బాధతో చెబుతున్నాను.

రాయికి ప్రమాణం లేదా అంటే ఉంది. సున్నపురాతి పలకలకు భారత ప్రమాణాల సంస్థ ఇచ్చిన ఐఎస్ 1128 అనే ప్రమాణం 1974 నాటిది. సివిల్ విద్యార్థులు మీరు దాని పేరు వినే ఉంటారు. మందంలో ఎంత తేడా ఉండవచ్చు, అంచు ఎలా ఉండాలి, నీరు ఎంత పీల్చవచ్చు, అన్నీ కొలవదగినవే. ఏ యార్డులోనైనా ఆ కాగితం గోడకు అంటించి ఉండగా నేను చూడలేదు.

మన వాళ్ళకు చేతకాక కాదు. ఇంగ్లండులో ఇళ్ళ పెరళ్ళలో పరిచే రాళ్ళలో మన కడప నల్లరాయి ఉంది, తాండూరు పసుపు ఉంది. అక్కడి కొనుగోలుదారు 22 మిల్లీమీటర్ల మందం అని రాసి పంపిస్తాడు. పలక వెనుక వైపు యంత్రంతో చెక్కి, సరిగ్గా ఆ మందానికి తెచ్చి, చెక్కపెట్టెలో సర్ది ఓడెక్కిస్తారు మన వాళ్ళే. లండన్‌లో పెరటికి ఇవ్వగలిగిన కొలతను నంద్యాలలో హాలుకు ఎందుకు ఇవ్వకూడదు? మందం సమంగా ఉంటే టైలు పరిచినట్టే పలుచని మాలు మీద పరచవచ్చు. పాలిష్ ఫ్యాక్టరీలోనే పూర్తి చేస్తే ఇంట్లో బురద ఉండదు. అంగుళం నుంచి అర అంగుళానికి తగ్గించగలిగిన పొరలను వేరు చేసి తగ్గిస్తే లారీలో దాదాపు రెట్టింపు పడతాయి. అర అంగుళం పలక వాకిట్లో బండి ఎక్కడానికి పనికిరాదు, పగులుతుంది. గదిలో నడవడానికి చాలు. ఏది దేనికో పెట్టె మీద రాయాలి.

ఒక్కో చిన్న యజమాని మందం సరిచేసే యంత్రం కొనలేడు, నాకు తెలుసు. పదిమంది కలిసి ఒకటి పెట్టుకుంటే నడుస్తుంది. మోర్బీ నుంచి నేర్చుకోవాల్సింది టైలు చేయడం కాదు, ఈ కలిసి ఉండడం.

రాయి లోపాలను దాచమని నేను ఎవరికీ చెప్పను. దీని మీద చింతపండు పులుసు ఒలికి గంటసేపు ఉంటే మచ్చ పడుతుంది, నిమ్మరసం పడినా అంతే. స్నానాలగదిలో యాసిడ్ పోసి కడిగితే పైపొర నురగలు కక్కి గరుకెక్కుతుంది. సున్నపురాయి గుణమే అది. అక్కడ టైలే మేలు, టైలే వేయించండి. కానీ మే నెల మధ్యాహ్నం రాయలసీమలో వట్టికాళ్ళతో నాపరాయి మీద నిలబడినవాళ్ళకు ఆ చలువ తెలుసు. అరిగితే మళ్ళీ పాలిష్ పట్టవచ్చు. ఇల్లు పడగొట్టినప్పుడు మా తాతగారి ఇంటి బండలు లేపి మా పిన్ని వాళ్ళు పశువుల కొట్టంలో పరిచారు, ఇప్పటికీ ఉన్నాయి. లేపిన టైలు ముక్కలై చెత్తలోకే వెళ్తుంది. పైగా టైలు మీద ఇప్పుడు యంత్రంతో అచ్చు వేసే బొమ్మ ఏమిటో చూశారా? రాతి చారలు! రాయిలా కనబడితేనే అది అమ్ముడుపోతోంది.

చీమకుర్తి సంగతి అడుగుతారని తెలుసు. నల్లటి రాతిలో బంగారు చుక్కలుండే ఆ గెలాక్సీ గ్రానైటుకు ప్రపంచంలో మరో చోటు లేదు. దానికి పోటీ వేరే రకం. దిమ్మగా ఓడెక్కి చైనా వెళ్ళి అక్కడ పలకలవుతుంది, ఆ కోత కూలీ, ఆ లాభం మనకు రావు. అది ఇంకో రోజు మాట్లాడుకోవలసిన పెద్ద కథ.

వృథా రాయి గురించి మాత్రం చెప్పాలి. మీరు తాండూరు వెళ్ళే దారిలో, బేతంచెర్ల చుట్టూ రోడ్డు పక్కన బూడిదరంగు గుట్టలు చూసే ఉంటారు. విరిగిన బిళ్ళలు, పాలిష్ ఫ్యాక్టరీల నుంచి వచ్చిన రాతిబురద. ఎండాకాలం గాలికి లేచి ఇళ్ళలోకి, ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. అదే సున్నపురాయి కోసం పక్కనే సిమెంటు ఫ్యాక్టరీలు పెద్ద పెద్ద గనులు తవ్వుతున్నాయి. సున్నపురాయి పొడి, కాల్చిన బంకమట్టి కలిపి తక్కువ క్లింకరుతో, అంటే కొలిమిలో కాల్చి తీసే సిమెంటు ముడిసరుకు తగ్గించి, చేసే కొత్త రకం సిమెంటుకు 2023లో మన దేశంలో ప్రమాణం వచ్చింది. దానిలో కాల్చని సున్నపురాయి పొడి పదిహేను శాతం దాకా వాడే మిశ్రమాలు ఉన్నాయి. ఈ బురద ఇప్పటికే మెత్తగా నూరి ఉంది. ఏ ఫ్యాక్టరీ బురదలో ఎంత మలినం ఉందో పరీక్షించి చూడడం మీ కాలేజీ ప్రయోగశాలలో జరగగలిగిన పని. మీ ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు విషయం వెతుక్కుంటున్నారని విన్నాను. ఇంతకంటే అవసరమైనది నాకు కనబడడం లేదు.

మీలో చాలామంది రేపు ఇంజనీర్లుగా అంచనాలు రాస్తారు. బడికో, ఆసుపత్రి వరండాకో, బస్టాండుకో నేల అని వచ్చినప్పుడు అలవాటుగా టైల్స్ అని రాసేస్తారు. ఢిల్లీలో కేంద్ర ప్రజాపనుల శాఖ ధరల పట్టికలో కోటా రాయి నేలకు దాని మందంతో సహా వివరంగా ఒక పద్దు ఉంది. రాజస్థాన్ నాపరాయిని నిలబెట్టిన వాటిలో ఆ ఒక్క వాక్యం పాత్ర తక్కువేమీ కాదు. మీ అంచనాలో 'స్థానిక సున్నపురాయి, మందం ఇంత, తేడా ఇంతకు మించరాదు' అని రాసి, సరుకు వచ్చినప్పుడు నిజంగా కొలిచి, కొలతకు రాని లారీని వెనక్కి పంపండి. మొదటి లారీ వెనక్కి వెళ్ళినప్పుడు యార్డువాళ్ళు మిమ్మల్ని తిట్టుకుంటారు. రెండో లారీ కొలతతో వస్తుంది.

పరిచే మేస్త్రుల మాట. మా నాన్న తరం వెళ్ళిపోయింది. వాళ్ళ పిల్లల్లో చాలామంది ఇప్పుడు టైల్స్ పరుస్తున్నారు, తప్పేమీ లేదు, కూలి బాగుంది. మందం సమంగా ఉన్న రాయిని పరచడం వాళ్ళకు వారంలో పట్టుబడే పని. రాయిని ఎంచడం మాత్రం వేరే విద్య. మా నాన్న ప్రతి పలకనూ పరిచే ముందు ఒక మూల ఎత్తి పట్టుకుని సుత్తితో చిన్నగా తట్టేవాడు. ఖంగుమంటే పరచడానికి పక్కన పెట్టేవాడు. మొద్దుగా పలికితే లోపల కంటికి కనబడని పగులు ఉందని అర్థం, దాన్ని అరుగు కిందికో మూలకో వాడేవాడు. 'మూగ రాయి' అనేవాడు దాన్ని.

ఇదిగో, ఆయన సుత్తి ఇదే. పిడి రెండుసార్లు మార్చాం. ఇక్కడ ఇంకో పలక కూడా ఉంది, అది మూగది, కావాలనే తెచ్చాను. ఒక్కొక్కరూ వచ్చి రెండింటినీ తట్టి వినండి. తరువాత పెట్టె విప్పుదాం. మందం కొలిచే కాలిపర్స్ కూడా తెచ్చాను. ఒక టైలునూ ఈ పలకలనూ నాలుగు మూలలా కొలిచి, అంకెలు ఆ బోర్డు మీద పక్కపక్కన రాయండి. వాటిని చూస్తూ మీ ప్రశ్నలు అడగండి.